యోగా తరగతి గుమ్మం ముందు మనం
(ఏలూరులో జరిగిన కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి విషయం నిర్ణయించేటప్పుడు మాలోనే వాదన జరిగింది. వక్ఫ్ భూముల గురించి, ఉపకార వేతనాల గురించి, ఓటరు జాబితాల గురించి మాట్లాడవలసిన వేదికపై యోగా తరగతుల ప్రస్తావన ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. వారి ప్రశ్న సమంజసమే. అయితే గడచిన సంవత్సర కాలంలో మా వద్దకు వచ్చిన తల్లిదండ్రులలో ఎక్కువమంది అడిగినది దీని గురించే. పిల్లను పంపమంటారా, వద్దంటారా? డాక్టరు నడుము నొప్పికి యోగా చేయమన్నాడు, చేస్తే ఈమాన్‌కు హాని ఉందా? సచివాలయం నుంచి వచ్చి పేరు రాసుకుని వెళ్లారు, రాకపోతే పథకం ఆగిపోతుందా? ఇన్ని సందేహాలు ఇళ్లలో తిరుగుతూ ఉంటే వేదిక మౌనంగా ఉండడం సరికాదని భావించాము.

మేము ముఫ్తీలము కాము, వైద్యులము కాము. షరీయత్ తీర్పు కోసం ఉలమాల వద్దకే వెళ్లండి. మాకు తెలిసినంతవరకు ఏ తరగతిలో ఏమి చేయిస్తారు, దానివల్ల దేహానికి కలిగే మేలు ఎంత, చట్టం మనకు ఇచ్చిన స్థానం ఏది అన్నవి మాత్రమే మీ ముందు ఉంచుతాము.

మొదట జరిగినది గుర్తు చేసుకుందాం. ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 2014 డిసెంబరు 11న జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగా దినంగా ప్రకటించింది. ఆ తీర్మానాన్ని 177 దేశాలు బలపరిచాయి. వాటిలో ముస్లిం దేశాలు అనేకం ఉన్నాయి. మన రాష్ట్రంలో 2025 మే 21 నుంచి జూన్ 21 వరకు ‘యోగాంధ్ర’ పేరుతో నెల రోజుల కార్యక్రమం నడిచింది. చివరి రోజున విశాఖపట్నంలో ఆర్.కె. బీచ్ నుంచి భీమునిపట్నం దాకా, ప్రధానమంత్రి సమక్షంలో, మూడు లక్షల మందికి పైగా ఆసనాలు వేశారు. దానికి ముందురోజు ఇరవై వేలకు పైగా గిరిజన విద్యార్థులచేత అదే నగరంలో సూర్య నమస్కారాలు చేయించారు. ఈ రెండు రోజుల మధ్య ఉన్న తేడాను మన సమాజం గమనించలేదు. యోగా దినం కోసం 2015లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ రూపొందించిన ఉమ్మడి క్రమంలో సూర్య నమస్కారాలు లేవు. కొత్తవారికి అవి కష్టమన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ముస్లిం పర్సనల్ లా బోర్డు తెలిపిన అభ్యంతరం కూడా ఆనాటి పత్రికలన్నిటిలో వచ్చింది. శ్లోకాలు పలకడం తప్పనిసరి కాదని ఆనాటి మంత్రే ప్రకటించారు. కనుక ఎవరైనా యోగా దినమంటే సూర్య నమస్కారమే అని మీతో చెబితే అది వాస్తవం కాదు.

ఆ ఉమ్మడి క్రమం ముప్పావు గంట సాగుతుంది. ఆరంభంలో ఒక సంస్కృత ప్రార్థన, ముగింపులో సంకల్పం, శాంతి పాఠం ఉంటాయి. ఈ రెంటి నడుమ ఉన్నది మెడ, భుజాలు, నడుము, మోకాళ్లు కదిలించడం, తాడాసనం, వృక్షాసనం, త్రికోణాసనం, వజ్రాసనం, భుజంగాసనం వంటివి, ఆ తరువాత శ్వాస అభ్యాసాలు, కొంతసేపు ధ్యానం. మొదటిదీ చివరిదీ తీసివేస్తే మిగిలేది వ్యాయామమే అని చాలామంది అంటారు. మంత్రం లేకపోయినా ఆ పద్ధతి మూలమే మనది కాదు, దూరంగా ఉండడమే మంచిదనే ఉలమాలు కూడా ఉన్నారు. ఇండోనేషియా ఉలమా మండలి 2009లో మంత్రోచ్చారణతో కూడిన యోగాను నిషేధించి, కేవలం దేహ వ్యాయామంగా చేసేదానిని అనుమతించింది. సౌదీ అరేబియా 2017లో యోగాను క్రీడా కార్యకలాపాల జాబితాలో చేర్చింది. అక్కడ దానికోసం పాటుపడిన నౌఫ్ మర్వాయీకి మరుసటి సంవత్సరం భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. మలేషియా ఫత్వా మండలి మాత్రం 2008లో కఠిన వైఖరి తీసుకుంది. ఉమ్మత్‌లో అభిప్రాయ భేదం ఉన్న విషయమిది. ఒకరినొకరు ఈమాన్ లేనివారని నిందించుకోవలసిన విషయం కాదు.

చరిత్ర కూడా మనం అనుకున్నంత సూటిగా లేదు. పదకొండవ శతాబ్దంలో అల్‌బిరూనీ పతంజలి యోగ గ్రంథాన్ని అరబ్బీలోకి తెచ్చాడు. అంగీకరించడానికి కాదు, తెలుసుకోవడానికి. పదహారవ శతాబ్దంలో గ్వాలియరుకు చెందిన షత్తారీ సూఫీ షేక్ ముహమ్మద్ గౌస్ ‘బహ్రుల్ హయాత్’ అనే ఫార్సీ గ్రంథంలో యోగుల ఆసనాలను, శ్వాస పద్ధతులను వివరించాడు. ఆ గ్రంథానికి చిత్రాలతో కూడిన ప్రతి ఒకటి నేటికీ ఐర్లండు రాజధాని డబ్లిన్‌లోని గ్రంథాలయంలో ఉంది. గ్వాలియరులో ఆయన సమాధి పక్కనే తాన్‌సేన్ సమాధి ఉన్నది. మన పూర్వికులు ఇతరుల విద్య ముందు భయపడలేదు, దానిలో కరిగిపోనూ లేదు.

ఇక తరగతుల సంగతి. ఏలూరులోనూ, తాడేపల్లిగూడెంలోనూ బోర్డులు చూసి, ఏది ఏమిటో తెలియక డబ్బు కట్టి తిరిగివచ్చినవారిని ఎరుగుదుము. యోగా అన్నది ఒకే వస్తువు కాదు.

హఠ యోగా అని రాసి ఉన్న చోట సాధారణంగా ఆసనాలు నెమ్మదిగా, ఒక్కొక్కటి కొంతసేపు నిలిపి చేయిస్తారు. కొత్తవారికి ఇది అనుకూలం. మైసూరులో పట్టాభి జోయిస్ ప్రచారం చేసిన అష్టాంగ విన్యాసం దీనికి భిన్నమైనది. అది వేగవంతమైనది, చెమట పట్టించేది, పడుచు దేహాలకు తగినది. ఆయన గురువు కృష్ణమాచార్య వద్దే నేర్చుకున్న బి.కె.ఎస్. అయ్యంగార్ పుణెలో మరొక దారి వేశారు. ఆయన తరగతిలో కుర్చీలు, చెక్క దిమ్మెలు, పట్టీలు, దుప్పట్లు ఉంటాయి. వంగలేనివాడిని వంగమని బలవంతపెట్టక, వస్తువుల ఆసరా ఇచ్చి సరైన భంగిమలో నిలబెడతారు. నడుము, మెడ నొప్పులు ఉన్నవారు ఆ పద్ధతి తెలిసిన శిక్షకులు దొరికితే అక్కడికి వెళ్లడం మేలు. యోగనిద్ర అనేది వెల్లకిలా పడుకుని, శిక్షకుడు చెబుతున్నకొద్దీ ఒక్కొక్క అవయవాన్ని వదులు చేసుకుంటూ పోయే విశ్రాంతి పద్ధతి. నిద్రపట్టనివారికి ఉపశమనం ఇస్తుందంటారు. కుండలినీ తరగతులలో మంత్రం, జపం అభ్యాసంలో విడదీయరాని భాగం. అటువంటి చోటికి వెళ్లి మంత్రం లేకుండా నేర్పమనడంలో అర్థం లేదు, వెళ్లకపోవడమే మర్యాద. ఇక పెద్ద నగరాలలో వేడి గది యోగా ఒకటి ఉంది. నలభై డిగ్రీల వేడిలో 26 భంగిమలు చేయిస్తారు. మే నెలలో మన ఏలూరులో తలుపు మూసుకుంటే చాలు, డబ్బు పెట్టి ఉక్క కొనుక్కోనక్కరలేదు. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు దాని జోలికి పోరాదు. ఉపవాస మాసంలో ఎవరూ పోరాదు.

మా మనసుకు నచ్చినది కుర్చీ యోగా. కొల్లేటి పల్లెలలో, పట్టణాలలో మోకాళ్లు అరిగి కుర్చీలో నమాజు చదువుతున్న పెద్దలు ఈనాడు ప్రతి మస్జిదులో కనిపిస్తున్నారు. కుర్చీలో కూర్చునే భుజాలు, చీలమండలు, వెన్ను కదిలించే ఈ తరగతిని నేర్పేవారు జిల్లాలో చాలా తక్కువ. వృద్ధులు జారి పడకుండా ఉండడానికి నిలకడ పెంచే వ్యాయామాలు వారంలో మూడు రోజులైనా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ అవసరాన్ని ఇటువంటి తరగతి కొంత తీర్చగలదు. వజ్రాసనం మనకు ఖాయిదాలో కూర్చునే భంగిమకు చాలా దగ్గర. కానీ మోకాలు అరిగినవారు శిక్షకుడు చెప్పాడని పంతానికి పోయి కూర్చోవద్దు. నమాజే వ్యాయామమని కొందరు వక్తలు చెబుతుంటారు. నమాజు ఇబాదత్. రుకూ వల్ల నడుముకు మేలు కలిగితే కలగవచ్చు, అందుకోసం మనం రుకూ చేయడం లేదు. ఈ మాట స్పష్టంగా ఉంచుకుంటే అవతలి గందరగోళం సగం తీరుతుంది.

ప్రయోజనం ఎంత? ఇక్కడ అతిశయోక్తులు చాలా ఉన్నాయి. దీర్ఘకాలపు నడుము నొప్పికి మందులకంటే ముందు ప్రయత్నించదగిన పద్ధతులలో యోగాను కూడా అమెరికన్ వైద్యుల కళాశాల 2017లో తన మార్గదర్శకాలలో చేర్చింది. ఉపశమనం కలుగుతుంది, అయితే అది స్వల్పం నుంచి మధ్యస్థం. అద్భుతం జరగదు. మన దేశంలోని 24 ఆసుపత్రులలో గుండెపోటు నుంచి బయటపడిన దాదాపు నాలుగు వేల మందిపై జరిపిన పరిశోధన 2020లో వెలువడింది. యోగా ఆధారిత శిక్షణ పొందినవారు తమ ఆరోగ్యం మెరుగైనట్లు చెప్పారు, వెనుకటి పనులలోకి త్వరగా రాగలిగారు. మళ్లీ గుండెపోటు రాకుండా ఆపుతుందని మాత్రం అది నిరూపించలేదు. ఇంతవరకే చెప్పాలి. షుగరు మందులు మానివేసి ప్రాణాయామం చేయమని ఎవరైనా చెబితే ఆ తరగతి నుంచి లేచి రండి. నీటికాసులు, షుగరు వల్ల కంటి తెర దెబ్బతిన్నవారు తల కిందులుగా ఉండే ఆసనాలు వేయకూడదు. ఎముకలు గుల్లబారిన స్త్రీలు ముందుకు గట్టిగా వంగకూడదు.

మన ప్రాంతపు దేహాలను చూసి ఆలోచిస్తే దీని అవసరం బోధపడుతుంది. తంగెళ్లమూడి పరిసరాలలో తివాచీ మగ్గాల ముందు తరతరాలుగా కూర్చుని ముడి వెనుక ముడి వేసినవారు మనవారే. ఆ పనిలో మెడ ముందుకు వాలుతుంది, వెన్ను గూడు కడుతుంది, వేళ్లు బిగుసుకుంటాయి. ఏలూరు తివాచీ అందాన్ని పొగిడినవారు ఎందరో ఉన్నారు, నేతగాడి నడుము గురించి రాసినవారు మాకు కనబడలేదు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టులో యాభై కిలోల బస్తాలు మోసే హమాలీల భుజాలు, దూది ఏకిన నూర్‌బాషా కుటుంబాల పెద్దల ఊపిరితిత్తులు, కైకలూరు, ఆకివీడు వైపు చేపల ప్యాకింగ్ షెడ్లలో ఐసు నీళ్లలో గంటల తరబడి నిలబడే యువకుల కాళ్లు, వీటన్నిటికీ ఉదయం పావుగంట శ్వాస, సాగదీత మేలు చేయగలవు. చేయగలవని మాత్రమే అంటున్నాము. దూది దుమ్ముతో దెబ్బతిన్న ఊపిరికి కపాలభాతి వంటి గట్టి శ్వాసలు హాని చేయవచ్చు, ముందు వైద్యుడికి చూపించుకోవాలి. బస్తా బరువు తగ్గించమని, షెడ్డులో రబ్బరు బూట్లు ఇమ్మని అడగడం మానేసి అందరికీ చాపలు పంచితే సరిపోదు కూడా. 2020 డిసెంబరులో ఇదే ఏలూరులో ఆరువందల మందికి పైగా మూర్ఛలతో ఆసుపత్రి పాలైన రోజులు మీకు గుర్తున్నాయి. రక్త నమూనాలలో సీసం, నికెల్ ఉన్నట్లు ఎయిమ్స్ నిపుణులు చెప్పారు. శుభ్రమైన నీటికి ఏ ఆసనమూ బదులు కాదు.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నిరుడు జూన్‌లో బడులు తెరిచిన వారంలో కొల్లేరు అంచున ఉన్న ఒక ఊరి నుంచి, చేపల షెడ్డులో పనిచేసే సోదరుడు ఒకరు మా వద్దకు వచ్చారు. ఆయన కుమార్తె తొమ్మిదో తరగతి. యోగా దినం కోసం సాధన చేయిస్తూ ప్రార్థన పలకమన్నారట. అమ్మాయి పెదవి కదపలేదు. ఉపాధ్యాయుడు అందరి ముందు పక్కకు నిలబెట్టి, నీకొక్కదానికే వచ్చిందా మతం అన్నారట. మేము ఎక్కువ ఆలోచించలేదు. జూన్ 21 దాటేదాకా పిల్లను ఇంట్లో ఉంచండి అని సలహా ఇచ్చాము. ఆయన అలాగే చేశారు. గొడవ తప్పిందని అనుకున్నాము.

తరువాత ఆ ఇంటికి వెళ్లినప్పుడు అమ్మాయి తలుపు చాటు నుంచి మాతో అన్నమాట ఇది: “పెద్దనాన్నా, నాకు ఆసనాలంటే ఇష్టం. నేను బాగా వేస్తాను కూడా. మాటలు పలకనన్నాను, అంతే. మీరు నన్ను బడే మానిపించారు.” మా వద్ద సమాధానం లేదు. పద్నాలుగేళ్ల పిల్ల తన విశ్వాసానికి, తన ఇష్టానికి మధ్య గీత ఎక్కడుందో తెలుసుకుంది. మేము తెలుసుకోలేకపోయాము. ఆమెను అవమానించినది ఒకరైతే, తొమ్మిది రోజుల చదువు పోగొట్టినది మేము.

మరునాడు ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని బడికి వెళ్లాము. గొంతు పెంచలేదు. రాజ్యాంగం 28వ అధికరణం మూడవ ఖండాన్ని తెలుగులో రాసుకుని వెళ్లి ప్రధానోపాధ్యాయుల ముందు ఉంచాము. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం ఉన్న ఏ విద్యాసంస్థలోనైనా, మైనరు విద్యార్థి విషయంలో సంరక్షకుని సమ్మతి లేకుండా, మతబోధలో గాని ఆరాధనలో గాని పాల్గొనమని కోరకూడదని దాని సారాంశం. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధే ఉండకూడదని మొదటి ఖండం చెబుతోంది. బిజో ఇమ్మాన్యుయేల్ కేసు గురించి కూడా చెప్పాము. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతం వేళ గౌరవంగా నిలబడేవారు, పాడేవారు కాదు. బడి నుంచి పంపివేస్తే, 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమంది. ఆ ధర్మాసనానికి నాయకత్వం వహించినవారు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. జాతీయ గీతం విషయంలోనే మౌనానికి అంత చోటు ఉన్నప్పుడు, వ్యాయామం ముందు చెప్పే శ్లోకం విషయంలో లేకుండా పోతుందా? పైగా బడులలో యోగాను తప్పనిసరి చేయమని వచ్చిన వినతిని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టే తోసిపుచ్చింది.

ప్రధానోపాధ్యాయులు ఆసాంతం విన్నారు. “ఈ మాట ముందే వచ్చి చెప్పి ఉంటే పిల్ల బడి మానేదే కాదు కదండీ” అన్నారు. ఆయన మాటలో వ్యంగ్యం లేదు. ఇప్పుడు ఆ అమ్మాయి వ్యాయామం పీరియడులో ఆసనాలు వేస్తోంది, ప్రార్థన వేళ మౌనంగా నిలబడుతోంది. అక్కడి క్రైస్తవ విద్యార్థులు ఇద్దరు కూడా అలాగే నిలబడుతున్నారని విన్నాము.

సూర్య నమస్కారాల సంగతి వేరుగా చూడాలి. ఆ కదలికల వరసను గత శతాబ్దం తొలి భాగంలో మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు దేహ వ్యాయామంగా విస్తృతంగా ప్రచారం చేశాడన్నది నిజం. అయినా పేరులోనే నమస్కారం ఉంది, ఒక్కొక్క కదలికకు సూర్యుని నామం ఒకటి చెప్పే ఆచారం ఉంది. సృష్టికి వంగడం మనకు కుదరదు. 2022 జనవరిలో బడులలో వీటిని చేయించాలని కేంద్రం సూచించినప్పుడు పర్సనల్ లా బోర్డు అభ్యంతరం తెలిపినది ఇందుకే. కనుక దీనికి మినహాయింపు అడగండి. అయితే మా పిల్ల వ్యాయామమే చేయదు అని రాయకండి. దీనికి బదులు వేరే వ్యాయామం చేస్తుంది అని రాయండి.

ఇటువంటి పేచీ మన ఒక్కరిదే కాదని కూడా తెలుసుకోవడం మంచిది. అమెరికాలోని అలబామా రాష్ట్రం బడులలో యోగాను 1993లో నిషేధించింది. 2021లో నిషేధం సడలించినా, ఆసనాలకు ఇంగ్లీషు పేర్లే వాడాలని, మంత్రాలు, నమస్తే అనడం ఉండరాదని, తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలని షరతులు పెట్టింది. అక్కడ అభ్యంతరం చెప్పినవారు క్రైస్తవ సంప్రదాయవాదులు. కాలిఫోర్నియాలోని ఎన్సినిటాస్ బడులలో మాత్రం సంస్కృత పదాలు, మత సంబంధమైనవి తొలగించి నడిపిన తరగతి మతబోధ కాదని 2015లో అక్కడి అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. మేము కోరేది దీనికి మించినది కాదు.

స్త్రీల విషయంలో ఒక మాట. సోదరీమణులు మాకు రాసి పంపిన చీటీలలో మంత్రం గురించిన భయం కంటే ఎక్కువగా కనిపించినది వేరు. మైదానంలో మగవారి మధ్య వంగి లేవలేము, ఫోన్లతో ఫోటోలు తీసి గ్రూపులలో పెడుతున్నారు అని. ఇది మతం ప్రశ్న మాత్రమే కాదు, ఏ ఇంటి ఆడపిల్లయినా అడిగేదే. స్త్రీ శిక్షకురాలు, తలుపు మూసిన గది, ఫోటోలు లేని తరగతి కావాలని వార్డు సచివాలయానికి విజ్ఞాపన ఇచ్చాము. జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగకుండా, ఫిజియోథెరపీ చదివిన మన సోదరి ఒకరు షాదీఖానా వెనుక గదిలో వారానికి రెండు రోజులు తరగతి నడపడానికి ఒప్పుకున్నారు. కుర్చీలో చేసేవి, నడుము కోసం నేలపై చేసేవి కొన్ని, శ్వాస. అంతే. మంత్రమూ ఉండదు, పాటా ఉండదు. పొరుగున ఉన్న హిందూ సోదరీమణులు ఇద్దరు తామూ వస్తామన్నారు, సంతోషంగా రమ్మన్నాము.

బడికి ఇవ్వవలసిన సమ్మతి పత్రం నమూనా తెలుగులోనూ, ఉర్దూలోనూ వెనుక బల్లపై ఉంది. పిల్ల పేరు, తరగతి, దేనిలో పాల్గొంటుంది, దేనిలో పాల్గొనదు అన్న గడులు నింపి, సంతకం చేసి, ఒక నకలు మీవద్ద ఉంచుకోండి. జూన్ 21 దాకా ఆగకుండా బడి తెరిచిన మొదటి రోజే ఇవ్వండి. స్త్రీల తరగతి వచ్చే సోమవారం అసర్ నమాజు తరువాత మొదలవుతుంది. చాప ఎవరిది వారే తెచ్చుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మల కోసం షాదీఖానా కుర్చీలు పది అడిగి ఉంచాము. రక్తపోటు మందులు వాడుతున్నవారు డాక్టరు చీటీ వెంట తీసుకురండి.